వెన్ను మీది కుట్టు

కొత్త బట్టను బీదబట్ట చెయ్యడానికి ఆమెకు రెండు రోజులు పడుతుంది. మొదటి రోజు టీ డికాక్షన్‌లో నానబెట్టి నీడలో ఆరేస్తుంది. ఎండలో ఆరేస్తే గుడ్డ వెలుస్తుందే గాని అలిసిపోదు అంటుంది. రెండో రోజు గరుకు కాగితం, ఇటుక ముక్క, ఇనప బ్రష్షు ముందేసుకుని కూర్చుంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ముందు మోకాళ్ళ దగ్గర చింపబోతారు. ఆమె వాళ్ళ చేతిలోంచి బట్ట లాక్కుంటుంది.

"లేనివాళ్ళు మోకాళ్ళ మీద నడుస్తారుటరా? జేబు అంచు చూడు. ముందు అరిగేది అదీ. లోపల ఏమీ లేదని తెలిసినా మాటిమాటికీ చెయ్యి పెట్టి చూసుకుంటారు."

స్టూడియోలో అందరికీ ఆమె మాసికలక్క. కొత్త బట్టలు చింపి జీతం తీసుకునేది లోకంలో ఈవిడ ఒక్కతే అని కాస్ట్యూమ్ మాస్టారు వచ్చినవాళ్ళందరికీ పరిచయం చేస్తాడు.

ఈసారి తీస్తున్నది ఆ నవల. ఒక్క గదిలో నలుగురు బతికిన కథ. నవల చదవనివాళ్ళు నాటకం చూసుంటారు, నాటకం చూడనివాళ్ళు పాత నలుపు తెలుపు సినిమా చూసుంటారు, అదీ చూడనివాళ్ళు ఎవరో చెబితే విని ఉంటారు. ఎవరికి ఏది గుర్తున్నా లేకపోయినా పిచ్చుక చనిపోవడం మాత్రం అందరికీ గుర్తు. పిచ్చుక ఆ ఇంటి చిన్న కూతురు, అయిదేళ్ళ పిల్ల. మూడు రోజుల జ్వరం తర్వాత "అమ్మా, గోడ చల్లగా ఉంది" అని కళ్ళు మూస్తుంది. నాటకంలో ఆ మాట వచ్చేసరికి హాలంతా ముక్కులు చీదుకునే చప్పుడు వినిపించేది.

ఆ ఉదయం మాస్టారు ఒక రేకు ట్రంకును కాలితో తోసుకుంటూ వచ్చాడు.

"నాటకం కంపెనీ మూసేశారట అక్కా. మొదటి ఆట నుంచి వాడిన బట్టలు. పిచ్చుక గౌను కూడా ఇందులోనే ఉందిట. దర్శకుడికి అచ్చం అలాంటిదే కావాలి. చావు సీను ఎల్లుండి. చూసి కుట్టెయ్యండి."

"చూడక్కర్లేదు. నాకు తెలుసు ఆ గౌను."

"ఎలా తెలుసు?"

"పిచ్చుకని నేనే కాబట్టి."

మాస్టారు నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, పాత బట్టల కొలతలు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆ రచయిత మా పక్క వాటాలో ఉండేవాడు. మధ్యలో చెక్క గోడ. మా ఇంట్లో ఎవరు దగ్గినా ఆయనకు వినబడేది. మా నాన్ననీ అమ్మనీ అన్నయ్యనీ ఉన్నదున్నట్టు రాశాడు. నన్నొక్కదాన్నే చంపాడు. జనం ఏడవాలి కదా మరి."

"అది కథ కదక్కా."

"మీకు కథ. నాకు పదమూడేళ్ళప్పుడు నాటకానికి తీసుకెళ్ళారు. పక్క కుర్చీలో ఆవిడ ఏడుస్తూ ఏడుస్తూ నా భుజం పట్టుకుంది. ఏ పిల్ల కోసం ఏడుస్తోందో ఆ పిల్ల భుజమే అది. చూడండి, బతికే ఉన్నానని చెబుదామనుకున్నాను. ఆవిడకి నేను అడ్డంగా ఉన్నట్టనిపించింది. ఊరుకున్నాను."

మాస్టారు ట్రంకు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె ఆ పూట దాన్ని ముట్టుకోలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. అప్పటిదాకా తోడున్న పక్కింటావిడ, రేపూ ఎల్లుండీ తాను ఊళ్ళో ఉండనని చెప్పి వెళ్ళింది.

"వచ్చావా అమ్మా. అలిసిపోయుంటావు, కూర్చో," అంది అమ్మ.

ఏడాదిగా అమ్మకు మర్యాద ఎక్కువైంది. గ్లాసు అందిస్తే దణ్ణం పెడుతుంది. కాళ్ళకు నూనె రాస్తే సిగ్గుపడి ముడుచుకుంటుంది. వయసు అన్నాడు డాక్టరు. అమ్మ ఆ నాటకం ఇరవైసార్లు చూసింది, సినిమా ఎప్పుడు వేసినా చూసింది. ముదురు రంగు తొట్టిలో పడిన లేతరంగు గుడ్డలాగా అమ్మకున్న జ్ఞాపకాలు నాటకంలో మునిగి ఆ రంగుకి తిరిగాయని ఆమె తనకు తాను చెప్పుకుంది.

అమ్మ వెనక నిలబడి జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది.

"మీ ఇంట్లోవాళ్ళు నీకోసం చూస్తుంటారేమో. నాకెందుకమ్మా ఇంత చాకిరీ?"

"నా ఇల్లు ఇదే. నేను నీ కూతుర్ని."

"నా కూతురు పోయింది కదా," అంది అమ్మ, వాన వెలిసింది కదా అన్నట్టు. "ఉంటే ఇంచుమించు నీ ఈడే."

"పోయింది నాటకంలో అమ్మా. పిచ్చుకని నేనే. ఇదిగో, ఇక్కడున్నాను."

"అలాగేలే," అంది అమ్మ, మారాం చేసే పిల్లను ఊరుకోబెట్టే గొంతుతో.

రోజూ ఇంతవరకే జరుగుతుంది. ఆ తర్వాత ఆమె విసుక్కుంటుంది, అమ్మ కిటికీలోంచి చూస్తుంది. ఈ రోజు మాత్రం అమ్మ మళ్ళీ మాట్లాడింది.

"గోడ చల్లగా ఉందని అది అనలేదు. ఆయన రాసుకున్నాడు అలా."

దువ్వెన ఆగింది. "మరి ఏమంది?"

"ఏమంటుంది? ముందురోజే మాట పడిపోయింది. చూపు మాత్రం ఉంది. నీళ్ళ చెంబు వైపు చూస్తూ ఉంది."

నవలలో చెంబు లేదు. నాటకంలో లేదు, సినిమాలోనూ లేదు. ఆమె మూడూ వెతికి చూసుకుంది మనసులో. తర్వాత దువ్వెనలో చిక్కుకున్న తెల్ల వెంట్రుకలు తీసి వేలికి చుట్టుకుంది.

మర్నాడు అమ్మను వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్ళింది. బట్టల గది మూలలో కుర్చీ వేసి, చేతికి ఒక బొత్తాల డబ్బా ఇచ్చి, రంగులవారీగా ఏరమంది. తర్వాత ట్రంకు తెరిచింది.

గౌను అడుగున, పాత పత్రికల్లో చుట్టి ఉంది. ఒకప్పటి నీలం ఇప్పుడు బూడిదగా మారింది. బల్ల మీద పరిచి, అలవాటు ప్రకారం ముందు అంచు తిరగేసింది. లోపల నాలుగు వేళ్ళ మడత ఉంది. పిల్ల ఎదుగుతుందని వదిలిన గుడ్డ. మడతలో నీలం ఇంకా కొత్తగానే ఉంది. ముందు వైపు మూడు బొత్తాలు. చంకల కింద చెమట మరక. అన్నీ ఆమె చూసినవే, చేత్తో అబద్ధంగా సృష్టించినవే. కాని వీటిని ఎవరూ సృష్టించలేదు.

అప్పుడు గౌను బోర్లా తిప్పింది.

వెన్ను మధ్యలో మెడ నుంచి అంచు దాకా తిన్నగా ఒక కుట్టు ఉంది.

చిరిగితే కుట్టారనుకుంది మొదట. వేలితో తడిమింది. చిరుగు ఎప్పుడూ పోగు వెంట పోతుంది, వంకరలు తిరుగుతుంది. ఇది పోగులను పట్టించుకోలేదు. భూతద్దం తెచ్చి చూసింది. బెత్తెడుకొకచోట చిన్న మెట్టు ఉంది. కత్తెర ఒక కాటు ముగించి ఇంకో కాటు మొదలుపెట్టిన చోటు. కింద నుంచి పైకి కోశారు. కోపంతో కోసింది కాదు. మళ్ళీ కుట్టుకోవచ్చని గుడ్డ వృథా కాకుండా చూసుకుని కోసిన కోత అది.

నలభై ఏళ్ళుగా నటుల ఒంటి మీద బట్టలు వేస్తూ తీస్తూ ఉన్న మనిషి ఆమె. పిల్ల చేతులెత్తితే గౌను తలమీంచి వచ్చేస్తుంది. కత్తెర దేనికి? పిల్ల చేతులెత్తలేనప్పుడు కావాలి. వంగని చేతుల్లోంచి తీయాల్సి వచ్చినప్పుడు కావాలి.

మళ్ళీ కుట్టిన చెయ్యి ఎవరిదో ఆమెకు చెప్పక్కర్లేదు. నాలుగు కుట్లకొకసారి వెనక్కి వచ్చే దారం. ఆమెకు కుట్టు నేర్పిన చెయ్యి.

వీపు మధ్యలో దురద పుట్టింది. చిన్నప్పుడు బడిలో గోడకు ఆనుకుని అటూ ఇటూ రాచుకునేది. దొడ్డుగా, గట్టిగా, వెన్నుపూస మీద నిలువునా ఒత్తుకునే కుట్టు. "ఎలుగుబంటి" అని పిల్లలు ఏడిపించేవాళ్ళు. ఆ గౌను తనదే, ఆ కుట్టు వీపున మోసింది తనే. మరి కోసింది ఎవరి మీద?

ఆమె తల తిప్పి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. బొత్తాలన్నీ రంగులవారీగా చక్కగా కుప్పలు పోసి ఉన్నాయి.

సెట్టు పక్క షెడ్డులోనే. మూడు గోడల గది, నాలుగో వైపు లైట్లు, కెమెరా, కుర్చీలు. మధ్యాహ్నం భోజనాల వేళ, మనుషులు పలచగా ఉన్నారు. పిచ్చుక వేషం వేసే పిల్ల తన సొంత గౌనులోనే పడక మీద పడుకుని చావడం అభ్యాసం చేస్తోంది. సహాయ దర్శకురాలు పక్కన కూర్చుని ఊపిరి ఎలా బిగబట్టాలో చెబుతోంది.

అమ్మ ఆ గదిలోకి వెళుతోంది. గడప దాటేటప్పుడు తలవంచింది. సెట్టు గుమ్మం ఎత్తుగానే ఉంది, తల తగలదు. అయినా వంచింది. కుడివైపున పొయ్యి చూసి, "ఇటు కాదు" అని గొణిగి, ఎడమ మూల దాకా వెళ్ళి అక్కడ లేనిదాన్ని చేత్తో పక్కకు జరిపింది. తర్వాత పడక దగ్గర కూర్చుని పిల్ల పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకుంది.

"ఎవరండీ ఈవిడ?" అంది సహాయ దర్శకురాలు.

"మా అమ్మ," అంటూ ఆమె పరుగున వెళ్ళింది. "అమ్మా, లే. వెళదాం."

అమ్మ లేవలేదు. గొంతు తగ్గించి, గోడ అవతల ఎవరో వింటారన్నట్టు చెప్పింది. "మెల్లగా మాట్లాడు. అరికాళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. చేతులు మాత్రం వంగట్లేదు." ఆమె మెడలో రిబ్బనుకు వేలాడే కత్తెర వైపు అమ్మ చెయ్యి చాపింది. "అదిటివ్వు. వెనక నుంచి తిన్నగా కోస్తే గుడ్డ పాడవదు."

పడక మీది పిల్ల కళ్ళు తెరిచింది. ఏడవలేదు. ఆ ముసలి మొహాన్ని అలా చూస్తూ, నిజంగానే కదలకుండా ఉండిపోయింది.

"ఈ గౌను మళ్ళీ బడికి వెళ్ళాలి," అంది అమ్మ. "ఇటివ్వమ్మా."

ఆమె కత్తెరను గుప్పిట్లో దాచుకుంది. రెండో చేత్తో అమ్మను లేపి బట్టల గదికి తీసుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే, స్టూడియోకి వెళ్ళేముందు, అమ్మను తోడు తీసుకుని అన్నయ్య సైకిలు షాపుకి వెళ్ళింది. అమ్మను ముందు వాకిట్లో ఎండలో కూర్చోబెట్టింది. అన్నయ్య ఆమెకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నవలలో పేపర్లు అమ్మే పెద్దాడు అతనే. నవల చదవలేదు, నాటకం చూడలేదు. తమ బీదతనం నలుగురూ చూడటం అతనికి నామోషీ అని ఆమె అనుకునేది.

ట్యూబులో గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పుతున్నాడు, బుడగలెక్కడ వస్తాయో చూస్తూ.

"అన్నయ్యా, గౌను వెనకాల కోసింది ఎవరి మీద?"

ట్యూబు తిరగడం ఆగింది. ఒక చోట నుంచి సన్నగా, వరసగా బుడగలు వస్తూనే ఉన్నాయి. అతను అక్కడ వేలు పెట్టి మూశాడు.

"ఎవరు చెప్పారు?"

"గౌనే చెప్పింది."

అతను వాకిట్లో ఉన్న అమ్మ వైపు ఒకసారి చూశాడు.

"పిచ్చుక మీదే," అన్నాడు. "తెల్లవారుజామున పోయింది. నాన్న దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుని వెళ్ళాడు, పడుకున్న పిల్లని తీసుకెళ్ళినట్టు. అది పోయిన నాలుగో రోజున అమ్మ వెళ్ళి నిన్ను తీసుకొచ్చింది."

"ఎక్కడ్నుంచి?"

"పిన్ని దగ్గర్నుంచి. పిన్ని అప్పటికే మంచం పట్టింది, ఆర్నెల్లు కూడా లేదు. నీకు నాలుగు నిండాయి. ఒడ్డూ పొడుగూ ఇంచుమించు ఒకటే. జుట్టు ఒకేలా కత్తిరించాం."

"ఎందుకు? పిన్ని కూతురిగానే పెంచితే ఏం పోయింది?"

"బడిలో ఆ పేరుకి ఒక కంచం ఉండేది," అన్నాడు అన్నయ్య. "మధ్యాహ్నం భోజనం. పేరు పట్టీలో ఉన్నవాళ్ళకే. ఆ ఏడాది కొత్త పేర్లు రాసుకోవడం మానేశారు. పేరు కొట్టేస్తే కంచం పోతుంది. కంచం పోతే నువ్వు కూడా పోతావని అమ్మ అంది. అంతే."

వీధిలో ఎవరో బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఆమె గోడకు ఆనుకుంది. వీపు మధ్యలో ఒత్తుకుంటే ముందుకు జరిగి నిలబడింది.

"నాటకంలో మేం గుండెలు బాదుకుని ఏడ్చామని చూపిస్తారట కదా," అన్నాడతను. "మేం ఏడవలేదు. చెక్క గోడ. ఏడిస్తే పక్కవాళ్ళకి వినబడుతుంది, వినబడితే బడి దాకా వెళుతుంది. అమ్మ నోట్లో గుడ్డ కుక్కుకుంది. నేనైతే నా చెయ్యి కొరుక్కున్నాను." ఎడమ చెయ్యి తిప్పి చూపించబోయి, ఎందుకులే అన్నట్టు మళ్ళీ నీళ్ళలో పెట్టాడు.

"అయినా ఆ రచయితకు తెలిసింది."

"తెలిసింది. ఏడుపు వినబడి కాదు, దగ్గు వినబడక. మూడు రోజులు దగ్గిన పిల్ల నాలుగో రోజు దగ్గలేదు. వారం తర్వాత అదే పేరుతో పిలిస్తే ఇంకో గొంతు పలికింది. ఆయన ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఆ ఏడాదే రాసేశాడు నవల. నాన్నకు చదివి వినిపించాడు. అచ్చు మాత్రం ఎనిమిదేళ్ళు వేయలేదు. నువ్వు భోజనం పెట్టే క్లాసులన్నీ దాటేదాకా ఆగాడు. నువ్వు బడి వదిలిన ఏడాదే పుస్తకం వచ్చింది. చూసుకో కావాలంటే."

ఆమె చూసుకోనక్కర్లేదు. ఆ ఏడాది ఆమెకు బాగా గుర్తు. ఆ ఏడాది నుంచే ఆయన మీద పగ.

"నాటకానికి గౌను ఆయనే అడిగాడా?"

"అమ్మే ఇచ్చింది. ఇంట్లో పెట్టుకుంటే దాని పేరు చెప్పి ఏడవడానికి లేదు, ఆ పేరుతో నువ్వు ఎదురుగా తిరుగుతున్నావు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఏడవనివ్వండి అని ఇచ్చింది. మన ఊళ్ళో వేసిన ప్రతి ఆటకీ ఎందుకు వెళ్ళేదనుకున్నావు?"

వాకిట్లో అమ్మ ఎండ వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. ఇరవైసార్లు. ప్రతిసారీ పరాయి జనం మధ్య, చీకటి హాల్లో, అందరితో పాటు, ఎవరికీ అనుమానం రాకుండా.

అన్నయ్య ట్యూబు బయటికి తీసి, రంధ్రం ఉన్న చోట చుట్టూ సుద్దతో గుర్తు పెట్టాడు. "నీకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెబితే నువ్వెవరో నీకు లేకుండా పోతుందనిపించింది," అన్నాడు.

స్టూడియోలో ఆ మధ్యాహ్నానికల్లా గౌను తయారైంది. నీలం బూడిదలోకి దిగింది, చంకల కింద మరక పడింది, అంచు లోపల నాలుగు వేళ్ళ మడత ఉంది. మాస్టారు పాత గౌనును పక్కన పెట్టి పోల్చి చూశాడు.

"అద్భుతం అక్కా. కాని వెనక కుట్టు మరిచిపోయారు."

"మరిచిపోలేదు. ఈ సీనులో కుట్టు ఉండదు."

"పాతదాంట్లో ఉంది కదా."

"అది తర్వాత వచ్చింది. పోయేనాటికి గౌను బాగానే ఉంది."

"మీకెలా—" అని, రెండు రోజుల కిందటి మాట గుర్తొచ్చి మాస్టారు సగంలో ఆగాడు. "మీరే కదూ పిచ్చుక."

"కాదు మాస్టారూ," అంది ఆమె. "నేను కాదు. నేను ఆ అమ్మాయి గౌను తొడుక్కున్నదాన్ని."

షూటింగు చూడటానికి ఉండలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. ఇంకా పొద్దుంది. కిటికీ పక్క కుర్చీలో అమ్మను కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, అమ్మ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాయసాగింది. ఏడాదిలో మొదటిసారి తానెవరో చెప్పలేదు.

"పిచ్చుక ఎలా ఉండేది?" అని అడిగింది.

అమ్మ ఆశ్చర్యంగా చూసింది. ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. అడిగేవాళ్ళందరికీ నాటకంలోని పిల్ల తెలుసు.

"ఎడమచేతి వాటం," అంది అమ్మ నెమ్మదిగా. "నిద్రలో నవ్వేది. చెప్పులు తిరగేసి తొడుక్కునేది, సరిచేస్తే మళ్ళీ తిరగేసేది. చీమలు చస్తాయని అరుగు మీదే నడిచేది." ఒక్కొక్కటీ చెబుతూ, చెప్పినదాన్ని ఒకసారి ఆగి చూసుకుంటూ, చాలాసేపు చెప్పింది. చెబుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి, గొంతు మాత్రం మారలేదు. గొంతు మార్చకుండా ఏడవడం అమ్మకు బాగా వచ్చు.

"తర్వాత వచ్చిన పిల్ల?"

అమ్మ చేతులు ఒళ్ళో కదలడం మానేశాయి.

"అది మంచం కింద దూరేది. పిచ్చుకా అంటే వచ్చేది కాదు. తనని కాదనుకునేది పాపం. కంచం ముందు పెట్టుకుని కూర్చుని పిలిచేదాన్ని. పలికితేనే ముద్ద పెట్టేదాన్ని." కాసేపాగి, "రెండు రోజులు పలకలేదు. మూడో రోజు పలికింది," అంది.

ఆమె అమ్మ మడమల మీద నూనె రాస్తూనే ఉంది. "దానికో పేరుండేది కదా. రాకముందు."

"ఉండేది. మా చెల్లెలు పెట్టుకుంది." అమ్మ తలుపు వైపు, గోడ వైపు చూసి, వంగి ఆమె చెవి దగ్గరికి నోరు తెచ్చి చెప్పింది. రెండక్షరాల పేరు. ఆమె ఎప్పుడూ విన్న పేరు కాదు. లోపల ఎక్కడా ఏదీ కదల్లేదు. పరాయి ఊరు పేరు విన్నట్టుంది.

నూనె గిన్నె తీసుకుని లేచి వంటగదిలోకి వెళ్ళింది. చేతులు కడుక్కుంది. తుండుకు తుడుచుకుంటూ, ఆ పేరును పెదాల మీద ఒకసారి అని చూసుకుంది. ఏమీ అనిపించలేదు. పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టింది.

వెనక గదిలోంచి అమ్మ పిలిచింది. మర్యాదగా కాదు. ఇంట్లో మనిషిని పిలిచినట్టు, కాస్త విసుగ్గా, ఆ రెండక్షరాల పేరు పెట్టి. కిటికీ వెయ్యమని, చలిగాలి వస్తోందని.

"ఆఁ," అంది ఆమె.

అన్నాక గాని తెలియలేదు తాను పలికినట్టు. నోరు పలికేసింది, కాళ్ళు అప్పటికే గది వైపు తిరిగాయి.